నేను తీసేసిన నాలుగు లైన్లు

పదకొండున్నర దాటింది. అత్తయ్య దగ్గు ఇప్పుడే సద్దుమణిగింది. వంటింట్లో గిన్నెలో అనపగింజలు నానుతున్నాయి, పొద్దున లేవగానే పితకాలి. ఈ ఏడాది మా ఇంటికి వచ్చిన మొదటి అనపకాయలు అవి. వాల్వ్ అంకుల్ తెచ్చిచ్చారు. ఆ సంచి నా చేతిలో పెట్టి ఆయన మెట్లు దిగి వెళ్లిపోయినప్పటి నుంచి నాకు ఏ పనీ తోచడం లేదు.

ఇవాళ బెంగళూరులోని మా లేఅవుట్ అసోసియేషన్ జనరల్ బాడీ. రెండుసార్లు వాయిదా పడిన మీటింగే. పార్కు పక్క షెడ్డులో పదింటికి అని చెప్పాం. పదీ ఇరవైకి పద్నాలుగు మంది ఉన్నారు. కోరం లేదని మా బైలా (అసోసియేషన్ నియమావళి) ప్రకారం అరగంట ఆగి, వచ్చినవాళ్లతోనే మొదలుపెట్టాం. ఆఖరికి 146 ఇళ్లకు 31 సంతకాలు తేలాయి.

అసోసియేషన్ కోసం నేను రాసే నెలవారీ పత్రిక, డిసెంబరుది, కుర్చీకొకటి చొప్పున ముందే పెట్టి ఉంచాను. అంకుల్ రెండో వరసలో కూర్చుని కళ్లజోడు పెట్టుకుని చదివారు. నాలుగు పేజీలూ చదివారు. మళ్లీ మొదటి పేజీకి వచ్చారు. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. నన్ను ఏమీ అడగలేదు.

అందులో ఆయన గురించి ఒక్క ముక్క లేదు.

నిజానికి నేను రాశాను. తొమ్మిదేళ్లుగా మన నీళ్ల వాల్వులు చూస్తున్న పెద్దాయన 18వ తేదీన మైసూరులో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారని, అందరూ ఒకసారి కలవమని, నాలుగంటే నాలుగు లైన్లు. శుక్రవారం రాత్రి పేజీలు సర్దుతుంటే కర్ణాటక అవతరణ దినం, అదే రాజ్యోత్సవ, ఫొటోలు పట్టలేదు. పిల్లల డాన్సు ఫొటో తీసేస్తే వాళ్ల అమ్మానాన్నలు ఊరుకోరు. జెండా ఎగరేసిన ఫొటో తీసేస్తే ప్రెసిడెంట్ గారు ఊరుకోరు. ఊరుకునే మనిషి ఒక్కరే కనిపించారు. ఆ నాలుగు లైన్లూ తీసేసి, జనవరిలో వేద్దాంలే అనుకుని పడుకున్నాను. జనవరికి ఆయన ఇక్కడ ఉండరన్న సంగతి ఆ రాత్రి నాకు తట్టనే లేదు.

వాల్వుల సంగతి మీకు ఇంతకుముందు రాశాను గానీ ఎప్పుడూ విడమరచి చెప్పలేదు. మా వైపు 2007లో బెంగళూరు నగర పాలక సంస్థ బీబీఎంపీలో కలిపిన 110 గ్రామాల్లోది. కావేరి మంచినీటి పథకం ఐదో దశ 2024 అక్టోబరు 16న ప్రారంభమైంది, రోజుకు 77.5 కోట్ల లీటర్లు ప్రధానంగా ఈ 110 గ్రామాల కోసమే. మా లేఅవుట్లో సగం ఇళ్లు కనెక్షన్ తీసుకున్నాయి. వారానికి రెండు రోజులు వస్తాయి. మిగతా రోజులకు, మిగతా ఇళ్లకు లేఅవుట్లోని రెండు బోర్లే దిక్కు. ఆ నీళ్లు ఏ రోజు ఏ క్రాస్‌కు వెళ్లాలన్నది తెల్లవారుజామున నాలుగున్నరకు ఒక మనిషి వంగి వాల్వు తిప్పితేనే తేలుతుంది.

ఆ మనిషి ఈయనే. ఊరు కోలారు వైపు. దూరవాణి నగర్‌లోని టెలిఫోన్ల ఫ్యాక్టరీ ఐటీఐలో పనిచేసి రిటైరయ్యారు. నాతో కోలారు తెలుగులో మాట్లాడతారు. "ఊట అయ్యిందామ్మా? నీళ్లు వచ్చినాయా?" అనేవి రెండూ ఒకే ఊపిరిలో అడుగుతారు. ఊట అంటే కన్నడంలో భోజనం. 2024 మార్చిలో మొదటి బోరు ఎండిపోయినప్పుడు ఆయన నిద్రపోయింది చూడలేదు. 12,000 లీటర్ల ట్యాంకరుకు ఐదు కిలోమీటర్ల లోపు వెయ్యి రూపాయలేనని జిల్లా యంత్రాంగం రేటు కట్టింది. మాకు వచ్చే ట్యాంకరతను మాత్రం రెండింతలు అడిగాడు. అంకుల్ ఆ రేట్ల కాగితం జేబులో పెట్టుకుని గేటు దగ్గర అతనితో గంటసేపు వాదించి, చివరికి పద్నాలుగు వందలకు ఒప్పించారు.

అలాంటి మనిషి గురించి ఇవాళ మీటింగులో ఒకాయన ఏమన్నాడో తెలుసా? "ఆయన్ని చేయమని ఎవరు అడిగారండీ? ఖాళీగా ఉన్నారు, చేశారు." ఆయన ఎదుటే అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మావారు నా మోచెయ్యి పట్టుకుని ఆపకపోతే ఏం అనేదాన్నో తెలియదు.

పోయిన గురువారం సంగతి ఇంకా ఘోరం. మోకాలి నొప్పితో అంకుల్ ఆ రోజు లేవలేకపోయారు. ఐదో క్రాస్‌కు నీళ్లు రాలేదు. ఆరు గంటల నుంచి వాట్సాప్ గ్రూపులో 43 మెసేజ్‌లు. బాధ్యత ఎవరిది, కమిటీ నిద్రపోతోందా, మెయింటెనెన్స్ దేనికి కడుతున్నాం. ఆయనకు ఏమైందని అడిగింది ఒక్కరు. ఆ ఒక్కరూ నాలుగో క్రాస్‌లో అద్దెకున్న అమ్మాయి. మెయింటెనెన్స్ నెలకు 800. అందులో సెక్యూరిటీ, ఊడ్చేవాళ్లు, బోరు కరెంటు, పార్కు లైట్లు. వాల్వు తిప్పడానికి అందులో ఒక్క రూపాయి లేదు, ఏనాడూ లేదు. ఈ లెక్క ప్రతి ఏప్రిల్ పత్రికలో నేనే వేస్తాను. ఒక్కరూ చదవరని గురువారం నాకు రుజువైంది. మీటింగుకు రారు, నామినేషన్ వేయరు, సెక్రటరీ పోస్టుకు మూడోసారి ఎవరూ లేరు. పొద్దున కుళాయి తిప్పితే మాత్రం నీళ్లు పడాలి.

కార్పొరేటర్‌ని అడగండి అంటారు. ఎవరిని అడగాలి? బెంగళూరులో నగర పాలక సంస్థ ఎన్నికలు ఆఖరున జరిగింది 2015లో. 2020 సెప్టెంబరులో వాళ్ల పదవీకాలం అయిపోయింది. 2025 సెప్టెంబరు నుంచి బీబీఎంపీ పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. మాది తూర్పు కార్పొరేషన్. పేరు మారింది గానీ ఈ 2025 డిసెంబరు దాకా ఎన్నికలు జరగలేదు. అయిదేళ్లుగా మన వీధి కోసం ఓటడిగిన మనిషంటూ ఎవరూ లేనప్పుడు వీధిని చూసుకోవాల్సింది ఈ అసోసియేషనే. అసోసియేషన్ అంటే తొమ్మిది మంది. తొమ్మిది మందిలో నాలుగున్నరకు లేచేది ఒక్కరు.

సాయంత్రం నుంచి నాకు మా తాత ఊరే గుర్తొస్తోంది. మదనపల్లె దగ్గర ఊరు, ఊరికి పైన చెరువు. వేసవి సెలవులకూ సంక్రాంతికీ అక్కడే ఉండేవాళ్లం. ఆ చెరువుకు నీరుగట్టి ఉండేవాడు. సన్నగా, పొడుగ్గా, భుజాన పారతో ఎప్పుడు చూసినా కాలవ గట్టు మీదే ఉండేవాడు. తూము ఎత్తేది ఆయనే. ఎవరి మడవ ఎప్పుడు తిప్పాలో, ఎప్పుడు కట్టాలో ఆయనే చెప్పాలి. మా తాత అంత పెద్ద రైతు కూడా తన మడికి తాను నీళ్లు మళ్లించుకోకూడదు. ఒకసారి మా చిన్నమామ రాత్రిపూట వెళ్లి మడవ తిప్పుకున్నాడు. తెల్లారేసరికి నీరుగట్టి మా వాకిట్లో నిలబడి ఉన్నాడు. గొంతు పెంచలేదు. "చిన్నయ్య తిప్పుకున్నాడు, కింద మళ్లు ఎండినాయి" అన్నాడు. తాత మామను పిలిచి ఆయన ముందే చివాట్లు పెట్టాడు. ఆయనకు ఆ ఆయకట్టులో సెంటు భూమి లేదు. ఎందుకు లేదని నేను అడిగితే, "మడి ఉన్నోడి చేతికి తూము ఇస్తే ముందు ఎవడి మడి తడుస్తుందే?" అన్నాడు తాత.

కోతలయ్యాక కళ్లంలో వడ్లు కొలిచేటప్పుడు నీరుగట్టి మేర, అంటే ఆయన పనికి రావాల్సిన వాటా, ముందు పక్కన పెట్టేవాళ్లు. పంట బాగుంటే ఎక్కువ, లేకపోతే తక్కువ, కానీ పెట్టకుండా బస్తా కుట్టేవాళ్లు కాదు. నాకు ఆ వడ్ల కుప్ప బాగా గుర్తుంది. పసుపు రాసిన చేటతో మా అమ్మమ్మే పోసేది. ఆయన తుండుగుడ్డ పరిచి పట్టుకునేవాడు.

గడపకు అవతల నిలబడి పట్టుకునేవాడు. ఇదీ గుర్తుంది. ఎండలో వచ్చినా అరుగు మీద కూర్చోలేదు, కూర్చోమని ఎవరూ అనలేదు. మంచినీళ్లు దోసిట్లో పోసేవాళ్లు. ఊరందరి మళ్లకూ నీళ్లు పంచే మనిషికి. చిన్నప్పుడు నాకు అది వింతగా కూడా అనిపించలేదు. ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగిపోతోంది. అప్పటి ఊరు బంగారమని నేను రాయలేను. కానీ ఒక్కటి, ఆయన పని పనేనని ఆ ఊరు ఒప్పుకుంది, దానికి కొలత కట్టింది. మేం అంకుల్‌ని కుర్చీలో కూర్చోబెట్టాం, కాఫీ ఇచ్చాం, రెండేళ్ల కిందట శాలువా కూడా కప్పాం. పనిలో చెయ్యి మాత్రం వేయలేదు.

ఇక్కడిదాకా రాసి లేచి వెళ్లి అత్తయ్యకు దుప్పటి సర్ది వచ్చాను. పైన రాసిందంతా మళ్లీ చదివాను. ఆ జనం మీద కోపం సరిగ్గా లేదు. కనీసం సగం సరిగ్గా లేదు.

146 ఇళ్లకు 31 మంది అని రాశాను కదా. ఆ 146లో 60 ఇళ్లలో అద్దెకున్నవాళ్లు ఉన్నారు. మా బైలా ప్రకారం వాళ్లు మెంబర్లు కారు, ఓటు లేదు, నోటీసు కూడా ఓనరుకే వెళ్తుంది, ఆ ఓనరు హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉంటాడు. అంటే నేను తిట్టాల్సింది 146 మందిని కాదు. రమ్మని మనం అసలు పిలవని వాళ్లను రాలేదని తిట్టాను.

ఇంకోటి రాయాలి, రాయకుండా పడుకుందామని చూశాను గానీ వీలు కాలేదు. ఇవాళ ఒక అబ్బాయి షెడ్డు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. నాలుగో క్రాస్‌లోనే అద్దెకుంటాడు, శ్రీకాకుళం అబ్బాయి, ఏదో కంపెనీలో నైట్ షిఫ్ట్. వాల్వుల సంగతి చర్చకు వచ్చినప్పుడు చెయ్యెత్తి, "నన్ను క్యాబ్ రోజూ నాలుగున్నరకే దింపుతుంది సార్, నేను తిప్పుతాను, అంకుల్ ఒక్కసారి చూపిస్తే చాలు" అన్నాడు. ప్రెసిడెంట్ గారు నవ్వుతూనే, "మీరు మెంబర్ కాదు కదా, ముందు కమిటీ చూడాలి" అన్నారు. అతను తలూపి కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. తొమ్మిదేళ్లలో మొదటిసారి ఒకరు తమంతట తాము లేచి అడిగారు. నేను కలం పట్టుకుని మినిట్స్ రాస్తూ కూర్చున్నాను. అతని మాట మినిట్స్‌లోకి కూడా ఎక్కలేదు, మెంబర్ కాదు కాబట్టి.

పోయిన ఏడాది ట్రెజరర్ గారు, ఇంటికి వంద పెంచితే నెలకు 14,600 వస్తుంది, ఒక మనిషిని పెట్టి వాల్వులు నేర్పిద్దాం అన్నారు. వద్దని లేచింది నేనే. "అంకుల్ ఉన్నారు కదండీ" అన్నాను. ఆయన మీద అభిమానంతో అన్నాననే అనుకున్నాను ఇన్నాళ్లూ. అప్పటికే ఆయన మోకాలికి కట్టు ఉంది.

సాయంత్రం ఆయన అనపకాయలతో పాటు ఇంకో రెండు తెచ్చారు. ఒకటి వాల్వులు తిప్పే టీ ఆకారపు ఇనుప కడ్డీ, గుడ్డ చుట్టి. రెండోది నల్ల అట్ట నోటుబుక్కు. "ఆఫీసు రూములో పెడితే పోతాయమ్మా. నీ దగ్గరే పెట్టుకో. నువ్వు రాసేదానివి" అన్నారు. పత్రిక ఊసే ఎత్తలేదు. నాకు గొంతు పెగల్లేదు, కాఫీ తాగుతారా అని మాత్రం అడగగలిగాను. చీకటి పడుతోందమ్మా అని వెళ్లిపోయారు.

రాత్రి భోజనాలయ్యాక ఆ పుస్తకం తెరిచాను. కన్నడ లిపే అయినా కూడబలుక్కుంటే వచ్చేస్తుంది. తేదీ, క్రాస్, ఎన్నింటికి తిప్పింది, ఎన్నింటికి కట్టింది. ఐదో క్రాస్ ఎత్తులో ఉంది కాబట్టి ముందు మూడోది పూర్తిగా కట్టి పావుగంట ఆగాకే దాన్ని తిప్పాలట, లేకపోతే మేడ మీది ట్యాంకులకు ఎక్కదట. గురువారం ప్రెసిడెంట్ గారు మనిషిని పంపి తిప్పించినా ఐదో క్రాస్‌కు నీళ్లు ఎందుకు రాలేదో నాకు ఇప్పుడు తెలిసింది. ఒకచోట "2వ క్రాస్ చివరి ఇల్లు, బాలింత, 10 నిమిషాలు ఎక్కువ" అని ఉంది. మూడు నెలల పాటు ఆ వీధి వంతు వచ్చిన రోజల్లా అదే లైను. ఆ ఇంటివాళ్లకు ఈ సంగతి తెలిసి ఉండదు.

జనవరి పత్రికలో ఆయన గురించి ఒక పేజీ రాద్దామని మొదలుపెట్టాను ఇందాక. రెండు పేరాలు రాసి తీసేశాను. శాలువా కప్పినట్టే ఉంది. దాని బదులు ఈ పుస్తకంలోని వరస మొత్తం వేస్తాను, తెలుగు, కన్నడ, ఇంగ్లీషు మూడింట్లోనూ, ఏ వాల్వు ఎక్కడుందో బొమ్మతో సహా. దాని కింద ఆయన పేరు. రాజ్యోత్సవ ఫొటోలు ఇంకా నాలుగు మిగిలాయి, అవి ఫిబ్రవరిలో చూసుకోవచ్చు. అద్దెకున్నవాళ్ల ఇళ్లకు కూడా పత్రిక నేనే తీసుకెళ్లి ఇస్తాను. బైలా మార్చడం నా ఒక్కదాని వల్ల అయ్యేది కాదు, దానికి మళ్లీ కోరం కావాలి. తలుపు కొట్టడానికి అక్కర్లేదు.

ఇవన్నీ జనవరి మాట. వచ్చే గురువారం ఆయన వెళ్లిపోతారు, మధ్యలో మూడు తెల్లవారుజాములే ఉన్నాయి. ఇప్పుడే ఆయనకు ఫోన్ చేసి లేపినందుకు క్షమాపణ చెప్పాను. తీసేసిన నాలుగు లైన్ల గురించీ చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "రేపు రెండో క్రాస్ వంతు. కడ్డీ తీసుకుని మలుపు దగ్గరికి రా, చూపిస్తాను" అన్నారు.

కడ్డీ తలుపు వెనకాల ఆనించి పెట్టాను. నాలుగింటికి అలారం. శ్రీకాకుళం అబ్బాయికి కూడా మెసేజ్ పెట్టాను, క్యాబ్ దిగి తిన్నగా అక్కడికే రమ్మని. ఇంకా చూడలేదు, షిఫ్టులో ఉండి ఉంటాడు.