గండికోట రాళ్ళ మీద సామాను బండి

రెండేళ్ళ క్రితం జనవరిలో మా కుటుంబమూ తమ్ముడి కుటుంబమూ కలిసి గండికోట దగ్గర గుడారాలు వేసుకుని ఒక రాత్రి గడపాలని వెళ్ళాం. కారు ఆపిన చోటి నుంచి మేము ఎంచుకున్న స్థలం అర కిలోమీటరుకు మించి లేదు. అయినా సామాను అక్కడికి చేర్చడానికి గంటన్నర పట్టింది. నాలుగు చిన్న చక్రాలు, గుడ్డ తొట్టి, లాగడానికి పొడవైన పిడి ఉన్న మడత బండిని కొత్తగా కొని తీసుకువెళ్ళాం. మా వీధి సిమెంటు రోడ్డు మీద దాన్ని మా ఎనిమిదేళ్ళ అమ్మాయి కూడా లాగగలిగింది. ఎర్రమల కొండల రాతి నేల మీదికి వచ్చేసరికి అది ప్రతి రాయి దగ్గరా ఆగిపోయింది. సగం దారిలో ముందు చక్రం లోపల ఇరుసు చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు (బుష్) పగిలి, చక్రం ఇరుసు మీద పక్కకు వాలిపోయింది. మిగిలిన దూరం నీళ్ళ క్యాన్లను నేనూ తమ్ముడూ భుజాల మీద మోశాం. చీకటి పడ్డాక, పిల్లలు చలికి ముడుచుకుని కూర్చుని ఉండగా, గుడారాలు కట్టాం.

ఆ బండి 80 కిలోలు మోస్తుందని పెట్టె మీద రాసి ఉంది. గుడారాలు, పరుపులు, దుప్పట్లు, పొయ్యి, గిన్నెలు, బియ్యం కలిపి 35 కిలోలు, ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు రెండు కలిపి 40 కిలోలు, అంటే మేము వేసిన బరువు 75 కిలోలే. అయితే అలాంటి అంకెను చదునైన నేలను దృష్టిలో పెట్టుకుని వేస్తారు. రాయి ఎక్కిన చక్రం అవతలికి దిగినప్పుడు ఇరుసుకు తగిలే దెబ్బ నిలకడగా ఉన్న బరువు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అందువల్ల రాతి నేలకు పెట్టె మీది అంకెలో సగాన్నే లెక్కలోకి తీసుకోవడం మంచిదని ఇప్పుడు నేను భావిస్తున్నాను.

ఈసారి కొనే ముందు కాగితం మీద చిన్న లెక్క వేసుకున్నాను. చక్రాన్ని ఇరుసు ఎత్తున అడ్డంగా లాగుతూ ఒక రాయిని ఎక్కించాలంటే ఎంత బలం కావాలో చక్రం వ్యాసం, రాయి ఎత్తు చెబుతాయి. రాయి 5 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే, 18 సెంటీమీటర్ల వ్యాసమున్న చక్రాన్ని దాని మీదికి ఎక్కించడానికి ఆ చక్రం మోస్తున్న బరువుకు రెండింతల బలం కావాలి. 40 సెంటీమీటర్ల చక్రానికి ఆ బరువులో పదింట తొమ్మిది వంతులు చాలు. రెండు చక్రాల బండిలో ఒక్కో చక్రం మీద పడే బరువు రెట్టింపు అవుతుందన్నది నిజమే, కాని ఆ బండి ప్రతి రాయినీ ఒక్కసారే ఎక్కుతుంది, నాలుగు చక్రాల బండి ముందు చక్రాలతో ఒకసారి, వెనక చక్రాలతో మరొకసారి ఎక్కాలి. మా తాతగారి ఎడ్లబండి చక్రం నాకు పదేళ్ళప్పుడు నా ఛాతీ దాకా వచ్చేది. గతుకుల దారుల్లో వడ్ల బస్తాలు మోసే బండికి అంత పెద్ద చక్రం ఎందుకు పెట్టేవారో ఈ లెక్క వేశాకే నాకు పూర్తిగా అర్థమైంది.

అందుకే రెండు చక్రాల బండినే ఎంచుకున్నాను. 16 అంగుళాల సైకిల్ చక్రాలు, ఇనుప గొట్టాల చట్రం, బాల్ బేరింగులు ఉన్న ఆ బండికి చక్రాలు ఊడదీయవచ్చు కాబట్టి కారు డిక్కీలో పడుతుంది. ఇందులో బరువు సర్దడం ఒక విద్య. బరువంతా ఇరుసు వెనక్కి పోతే పిడి పైకి లేస్తుంది, ముందుకు వస్తే చేతులు పీకుతాయి. నీళ్ళ క్యాన్లను సరిగ్గా ఇరుసు మీద, అట్టడుగున పెట్టి, పిడి వైపు కొద్దిగా మొగ్గు ఉండేలా తక్కిన సామాను సర్దితే సరిపోతుంది. బరువును కింద పెట్టడానికి మరో కారణం కూడా ఉంది. చక్రాల మధ్య ఎడం 50 సెంటీమీటర్లు, బరువు కేంద్రం నేల నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, బండి దాదాపు 27 డిగ్రీల పక్కవాలులో తిరగబడుతుంది. ఆ ఎత్తును 30 సెంటీమీటర్లకు తగ్గిస్తే దాదాపు 40 డిగ్రీల దాకా నిలుస్తుంది.

టైర్ల విషయంలో చాలా రోజులు తటపటాయించాను. గాలి టైరు రాళ్ళ కుదుపును మింగేస్తుంది, కాని రాయలసీమ నేల మీద పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు ఎంతటి ట్యూబునైనా వదలవు. గాలి అక్కర్లేని ఘన టైరుకు పంక్చరు భయం లేదు, అయితే ప్రతి దెబ్బా నేరుగా చట్రానికి, చేతులకు తగులుతుంది. నేను గాలి టైరే ఉంచుకుని, ట్యూబులలో పంక్చరు పూడ్చే ద్రవం పోయించాను, ఒక చేతి పంపు కూడా వెంట ఉంచుకుంటాను. సూర్యలంక లాంటి ఇసుక తీరానికి ఈ బండిని ఎవరికీ సిఫారసు చేయను, ఎందుకంటే అక్కడ చక్రం వ్యాసంతో పాటు టైరు వెడల్పు కూడా ముఖ్యం, సన్నటి సైకిల్ టైరు ఇసుకలోకి దిగబడుతుంది.

గత డిసెంబరులో అదే దారిన, అంతే సామానుతో మళ్ళీ వెళ్ళాం. నేను పిడి పట్టుకుని లాగాను. తిరుగు ప్రయాణంలో ఒక దిగుడు దగ్గర బండి నన్ను ముందుకు తోయకుండా తమ్ముడు వెనక కట్టిన తాడును బిగించి పట్టుకున్నాడు. ఈసారి వెళ్ళేటప్పుడు పట్టింది ఇరవై అయిదు నిమిషాలు. గుడారాలు వేసి, పొయ్యి వెలిగించి, టీ కాచుకునేసరికి పెన్నా లోయ అవతలి గట్టు మీద ఇంకా ఎండ ఉంది.