మూత్రాశయం నొప్పి శాంపిళ్లలో బత్తాయి రసం జాడ

మొత్తానికి నిన్న రాత్రి చివరి ట్యూబు కూడా మెషీన్‌లోంచి బయటికొచ్చింది. ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ అనే మూత్రాశయం జబ్బులో ఇన్‌ఫెక్షన్ ఉండదు, నొప్పి మాత్రం నెలల తరబడి వదలదు. దాన్ని తేల్చే పరీక్ష లేదు, మిగతా జబ్బులేవీ కావని తేలాకే ఆ పేరు పెడతారు. మూత్రంలోని చిన్న అణువుల్లో ఏమైనా ఆనవాలు దొరుకుతుందా అని మా వెతుకులాట.

తయారీ తేలికే. సెంట్రిఫ్యూజ్ చేసిన మూత్రం పైతేట 540 మైక్రోలీటర్లు, ఆమ్లత్వం మారకుండా చూసే పీహెచ్ 7.4 ఫాస్ఫేట్ బఫర్ 60 కలిపి, 600 మెగాహెర్ట్జ్ ఎన్‌ఎంఆర్‌లో (అయస్కాంతం, రేడియో తరంగాలతో అణువులను గుర్తుపట్టే మెషీన్) పెట్టడమే. ఒక్కో అణువు గ్రాఫ్‌లో తన చోట, అంటే తన పీపీఎం అంకె దగ్గర, పీకుగా లేస్తుంది. నీళ్లు ఎక్కువ తాగినవాళ్లూ తక్కువ తాగినవాళ్లూ ఉంటారు కాబట్టి మూత్రంలో దాదాపు నిలకడగా వచ్చే క్రియాటినిన్‌తో సరిచూసుకోవాలి.

దెబ్బ తిన్నది ఆ తర్వాత. గ్రాఫ్‌లో రోగులు ఒక పక్క, ఆరోగ్యవంతులు మరో పక్క. ఎంత చక్కగా విడిపోయారో! తేడా అంతా హిప్యురేట్‌దే, పేగుల్లోని బ్యాక్టీరియా పనివల్ల మూత్రంలోకి వచ్చే పదార్థం అది. 7.5 నుంచి 7.9 పీపీఎం దాకా ఉండే దాని మూడు పీకులు రోగుల్లో అణగిపోయాయి. పేగుల్లో బ్యాక్టీరియా మారిందని రాసుకుని మీటింగులో చూపించేశాం. వెనక కూర్చున్న స్టాఫ్ నర్సు అడిగింది: "వీళ్లందరికీ టీ, కాఫీ మాన్పించాం కదా మేడమ్?" నాకు నోట మాట రాలేదు.

టీలోని పాలీఫినాల్స్ అనే మొక్కల పదార్థాలు పేగుల్లో విరిగి, చివరికి హిప్యురేట్‌గానే మూత్రంలోకి వస్తాయి. 9.12 దగ్గర ట్రైగొనెలిన్ కాఫీది. 3.11 దగ్గర ప్రోలిన్ బీటైన్ బత్తాయి, కమలాలది. ఆ రెండూ కూడా రోగుల్లో తక్కువే. నొప్పి రేపుతాయని డాక్టర్లు వద్దనేవి సరిగ్గా ఇవే. అన్ని వారాలూ మేం కొలిచింది వాళ్ల పథ్యాన్ని. మంచం పక్కన నిలబడేవాళ్లని మొదటి రోజే అడగాల్సింది. ల్యాబ్‌లో కూర్చుని అంతా తెలుసనుకోవడం తప్పు.

ఈసారి ఆరోగ్యవంతులకీ రెండు రోజులు అదే పథ్యం పెట్టాం, ఏం తిన్నారో రాయించాం. రోగులు వాడే పారాసెటమాల్, మూత్రాశయంలోకి ఎక్కించే డీఎంఎస్ఓ అనే మందు తేదీలూ రాయించండి. డీఎంఎస్ఓ అయితే 2.7 దగ్గర నిటారుగా లేచి నిలబడుతుంది. చేతులకు రాసుకున్న శానిటైజర్‌లోని ఆల్కహాల్ కూడా 1.18 దగ్గర కనబడుతుంది.

ఒక కలెక్షన్ సెంటర్‌ని మాత్రం నేను క్షమించలేను. డబ్బాలు మధ్యాహ్నం దాకా టేబుల్ మీదే ఉంచారు. బ్యాక్టీరియా పెరిగి 1.92 దగ్గర అసిటేట్ పీకు లేచింది. పదకొండు శాంపిళ్లు పారబోశాం. రెండు గంటల్లోపు మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లోకి వెళ్లాలని ఎన్నిసార్లు చెప్పాలి? డబ్బా మీద తేదీ ఒక్కటే ఉంటే తీసుకోకండి, టైమ్ రాయించండి.