ఆర్డుయినో లైబ్రరీ ఫోల్డర్ల స్పెసిఫికేషన్‌కు నేను రాస్తున్న సవరణ

నేల తేమను కొలిచే సెన్సరు కోసం రాసుకున్న చిన్న ఆర్డుయినో లైబ్రరీని (ఆర్డుయినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుల ప్రోగ్రాముల్లో మళ్లీ మళ్లీ వాడుకునే కోడు కట్టను) ఆ మధ్య పాత అమరిక నుంచి కొత్త అమరికకు మార్చాను. పాత అమరికలో లైబ్రరీ ఫోల్డరులో నేరుగా ఉన్న కోడు, యుటిలిటీ అనే ఫోల్డరులోని కోడు మాత్రమే కంపైల్ అవుతాయి, అంటే బోర్డుకు అర్థమయ్యే యంత్రభాషలోకి మారతాయి. ఐడీఈ (ఆర్డుయినో కోడు రాసి బోర్డుకు పంపే సాఫ్ట్‌వేర్) 1.5తో వచ్చిన కొత్త అమరికలో ఎస్‌ఆర్‌సీ అనే ఫోల్డరు పెడితే, దాని లోపల ఎన్ని అంతస్తుల ఫోల్డర్లున్నా అన్నిటిలోని కోడూ కంపైల్ అవుతుంది. ఈ సంగతి చదివి కూడా పట్టించుకోకుండా నా టెస్టుల ఫోల్డరును సైతం ఎస్‌ఆర్‌సీలోకి జరిపాను. స్కెచ్ (ఆర్డుయినో ప్రోగ్రాము) ఒక్క ఎర్రరూ లేకుండా కంపైలై ఊనో బోర్డులోకి ఎక్కింది. బోర్డు మాత్రం ఉలకలేదు, పలకలేదు. ఒక సాయంత్రమంతా వైర్లు మార్చి మార్చి చూశాక తేలిందేమిటంటే, నా టెస్టు ఫైలులో ఉన్న మెయిన్ ఫంక్షను (ప్రోగ్రాము మొదలయ్యే చోటు) లింకరుకు, అంటే కంపైలైన ముక్కలను ఒక్కటిగా కలిపే సాధనానికి, ముందే దొరికిపోవడంతో, కోర్ ఆర్కైవులో (ఆర్డుయినో సొంత కోడు కట్టలో) ఉన్న అసలు మెయిన్ జోలికి అది వెళ్లనే లేదు. ఇక స్కెచ్‌లో మొదట నడవాల్సిన సెటప్ ఫంక్షన్‌ను పిలిచే నాథుడే లేకపోయాడు.

తప్పు నాదే. అయినా ఆ సాకుతో లైబ్రరీ ఫోల్డర్ల అమరిక ఎలా ఉండాలో చెప్పే ఆర్డుయినో నియమావళిని, అంటే స్పెసిఫికేషన్‌ను, మొదటి నుంచి చివరి దాకా చదివాను, చదివాక దాన్ని మార్చాలన్న ఉత్సాహం కూడా పుట్టింది. నా మొదటి ఆలోచన టెస్టుల గురించి కాదు, ఆర్కిటెక్చర్ల గురించి, అంటే బోర్డుల్లోని ప్రాసెసరు రకాల గురించి. ఆర్డుయినో సొంత సర్వో లైబ్రరీని తెరిచి చూస్తే ఎస్‌ఆర్‌సీలో ఏవీఆర్, శామ్, శామ్‌డీ వంటి ఆర్కిటెక్చరు పేర్లతో విడివిడి ఫోల్డర్లు కనిపిస్తాయి. పేర్లను బట్టి, ఏవీఆర్ రకానికి చెందిన ఊనోకు కంపైల్ చేస్తున్నప్పుడు ఏవీఆర్ ఫోల్డరు ఒక్కటే తీసుకుంటుందని ఎవరైనా అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి అన్నీ కంపైల్ అవుతాయి. ప్రతి ఫైలు లోపలి కోడునూ ఆయా ఆర్కిటెక్చరు పేరుతో ఒక ఇఫ్ షరతులో (ఆ ఆర్కిటెక్చరైతేనే ఈ కోడు తీసుకో అనే షరతులో) చుట్టి ఉంచడం వల్ల, సంబంధం లేని ఫైళ్లు ఖాళీగా తేలిపోతాయి, అంతే. ఈ చుట్టుడు పని రచయితలకు వదిలేయకుండా ఫోల్డరు పేరును బట్టి కంపైల్ చేసే సాధనమే ఎంచుకోవాలని సవరణ రాయడం మొదలుపెట్టాను. ముందే కంపైల్ చేసిన లైబ్రరీలకు ప్రాసెసరు పేరుతో ఉన్న ఫోల్డరులో వెతికే నియమం స్పెసిఫికేషన్‌లో ఇప్పటికే ఉంది కనుక, నా వాదన బలంగానే ఉందనిపించింది.

అయితే పాత ఐడీఈ సందేశాల్లో ఒకటి చూశాక కలం ఆగింది: ఆర్చ్ (ఆర్కిటెక్చరుకు పొట్టిపేరు) ఫోల్డరుకు ఇక మద్దతు లేదని అందులో ఉంది. అంటే ఇలాంటి ఫోల్డరును ఒకప్పుడు పెట్టి, తర్వాత తీసేశారన్నమాట. కొత్తగా కనిపెట్టాననుకున్న దారిలో పాత అడుగులు కనిపించడం కాస్త చిన్నతనంగానే ఉంటుంది.

అప్పటి నుంచి ఒక్కటే ప్రశ్న పట్టుకున్నాను: కొత్త నియమం ప్రకారం అమర్చిన లైబ్రరీని పాత ఐడీఈ తెరిస్తే ఏమవుతుంది? ఆర్కిటెక్చరు ఫోల్డర్లను ఎస్‌ఆర్‌సీ లోపల ఉంచితే పాత ఐడీఈ అన్నిటినీ కంపైల్ చేసి, ఒకే ఫంక్షను రెండు చోట్ల ఉందని మొరాయిస్తుంది. బయట వేరే ఫోల్డరులో పెడితే దాన్ని చూడనే చూడదు కనుక ఆ ఫంక్షనే లేదంటుంది. లైబ్రరీ వివరాలుండే లైబ్రరీ డాట్ ప్రాపర్టీస్ ఫైలులో కొత్త వరుస ఒకటి చేర్చి, అది ఉన్నప్పుడే కొత్త నియమం వర్తించాలని రాయవచ్చు గానీ, ఆ వరుస అర్థం కాని పాత ఐడీఈ దాన్ని దాటేసి యథాప్రకారం అన్నీ కంపైల్ చేస్తుంది. కాబట్టి రచయితలు ఇఫ్ షరతులు ఎలాగూ ఉంచాల్సిందే. ఉంచాక ఇక మిగిలే లాభం కొంత కంపైల్ సమయం మాత్రమే. ఆ మాత్రానికి, ఏవీఆర్ అని పేరు పెట్టిన ఫోల్డరులో ఇతర బోర్డులకు కూడా పనికొచ్చే కోడు ఉంచుకున్న పాత లైబ్రరీలను ప్రమాదంలో పడేయడం నాకు సమ్మతం కాలేదు. ఎస్‌ఆర్‌సీ, యుటిలిటీ రెండూ పక్కపక్కన ఉంటే లైబ్రరీ చెల్లదని కఠినంగా ఎందుకు రాశారో కూడా అప్పుడే అర్థమైంది: ఏ అమరికో తేలని లైబ్రరీ ఒక్కటీ మిగలకూడదని.

ఇప్పుడు నా ముసాయిదాలో నియమమేదీ మారదు. ఎస్‌ఆర్‌సీని వివరించే పేరాకు రెండు వాక్యాలు చేరుస్తున్నాను. ఉపఫోల్డరు పేరు ఏదైనా అందులోని కోడు ప్రతి బోర్డుకూ కంపైల్ అవుతుందని, కనుక ఆర్కిటెక్చరును బట్టి మారే కోడును షరతులో చుట్టాలని మొదటిది. టెస్టులను ఎస్‌ఆర్‌సీలో పెట్టకూడదని, సాధనాలు పట్టించుకోని ఎక్స్‌ట్రాస్ ఫోల్డరులో ఉంచవచ్చని రెండోది. ఎక్స్‌ట్రాస్‌లో పెట్టినదంతా వాడుకరి కంప్యూటరులోకి దిగుతుందన్న హెచ్చరిక అక్కడ ముందే ఉంది కనుక దాన్ని మళ్లీ రాయలేదు. స్పెసిఫికేషన్ ఆర్డుయినో సీఎల్ఐ (కమాండ్ లైన్ సాధనం) కోడు రిపాజిటరీలోనే డాక్యుమెంటుగా ఉంటుంది; పుల్ రిక్వెస్టుకు, అంటే నా మార్పును చేర్చుకోమని అడిగే అభ్యర్థనకు, బ్రాంచి సిద్ధం చేశాను. వివరణలో సర్వో ఉదాహరణ ఉంచాలా, నా ఊనో కథ కూడా చెప్పాలా అన్నదొక్కటే ఇంకా తేల్చుకోలేదు.