అమలాపురం నుంచి టీమ్‌ను నడపడం

అమలాపురంలో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ టీమ్‌ను నడుపుతున్న నాకు దూరం కంటే గడియారమే ఎక్కువ ఇబ్బంది పెట్టింది. టీమ్‌లో కొందరు ఉండే శాన్ ఫ్రాన్సిస్కోకూ మనకూ వేసవిలో 12 గంటల 30 నిమిషాలు, నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారాలను గంట వెనక్కి తిప్పుకున్నాక 13 గంటల 30 నిమిషాలు తేడా ఉంటుంది కాబట్టి, అందరినీ ఒకే వీడియో కాల్‌కు రమ్మంటే ఎవరో ఒకరు నిద్ర మానుకోవలసిందే (ఆ వంతు సాధారణంగా మనవాళ్లకే పడుతుంది). అందుకని కాల్స్ తగ్గించి, ఏమి నిర్ణయించాం, ఎందుకు నిర్ణయించాం, ఎవరు అభ్యంతరం చెప్పారు అన్నవన్నీ ఒక ఉమ్మడి డాక్యుమెంట్‌లో రాసిపెట్టడం మొదలుపెట్టాం. పూర్తిగా రిమోట్‌గా పనిచేసే గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ తన పని పద్ధతులు రాసుకున్న హ్యాండ్‌బుక్‌ను ఎవరైనా చదువుకునేలా ఇంటర్నెట్‌లో ఉంచడం మాకు బాగా ఉపకరించింది.

మొన్న గాలివానకు కొబ్బరి మట్ట తీగల మీద పడి మా వీధిలో కరెంటు పోయినప్పుడు, భీమవరంలో ఉన్న మా టెస్టర్ గారు నా జవాబు కోసం చూడకుండా ఆ డాక్యుమెంట్ చదివి, సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ రిలీజ్‌ను తామే ఆపేశారు.

కొత్తగా చేరినవాళ్లకు మాత్రం రాత ఒక్కటే చాలదు. చాట్‌లో మొహమాటానికి "ఆయ్, అర్థమైందండీ" అని పెట్టినవారికి నిజంగా అర్థమైందో లేదో గొంతు వింటే గానీ తెలియదు కనుక, మొదటి నెలంతా వాళ్లతో రోజూ ఫోన్‌లో మాట్లాడుతున్నాను.