బజ్జీల బండి కింద చుక్కలు

చెప్పుల షాపుకెళ్తే నేను మొదట అడిగేది సోల్ ఎంత పల్చగా ఉందని. షాపు అబ్బాయేమో మెత్తగా, లావుగా ఉన్నవే చేతికిస్తాడు. "మేడమ్, మబ్బుల మీద నడిచినట్టుంటది" అంటాడు. నాకు మబ్బులొద్దు నాయనా, నేల కావాలి. అరికాలికి నేల తెలియకపోతే నేను ఎల్‌బీ నగర్ నుంచి అమీర్‌పేట దాకా ఒంటరిగా ఎలా పోను?

నాకు పుట్టుకతోనే చూపు లేదు. బ్యాంకులో ఉద్యోగం. రోజూ మెట్రోలో వెళ్లొస్తాను. స్టేషన్‌లో నేల నున్నగా ఉంటుంది, కర్ర జారుతూ పోతుంది. చూపు లేనివాళ్ల కోసం నేల మీద పరిచిన పసుపు టైల్స్ తగలగానే చప్పుడు మారి కరకరమంటుంది. కాలి కింద పొడుగు గీతలు తగిలితే పద అని. గుండ్రటి బొడిపెలు తగిలితే ఆగు అని. మెట్లో, మలుపో, ప్లాట్‌ఫాం అంచో, ముందు ఏదో ఉంది, చూసుకో. ఏముందన్నది ఆ చుక్కలు చెప్పవు, అది కర్రతో మనమే కనుక్కోవాలి.

ఈ టైల్స్ జపాన్‌లో పుట్టాయి. చూపు పోతున్న ఒక స్నేహితుడి కోసం సెయిచి మియాకే అనే ఆయన 1965లో తయారుచేశాడట. 1967 మార్చి 18న ఒకాయామా ఊళ్లో, అంధుల పాఠశాల దగ్గరి రోడ్డు మీద మొదటిసారి పరిచారు. ఎవరో స్నేహితుడి కోసం చేసింది ఇన్నేళ్లకు నా చెప్పుల కిందికి వచ్చింది!

పసుపు రంగు ఎందుకని చాలామంది అడుగుతారు. అది నాకోసం కాదు. మా ఆఫీసులో ఒకాయనకు కొద్దిగా చూపుంది. ముఖాలు గుర్తుపట్టలేడు గానీ నల్లటి నేల మీద పసుపు పట్టీ ఆయనకు తెలుస్తుంది. కొన్ని షాపింగ్ మాల్స్‌లో అందం చెడుతుందని బూడిదరంగు రాయి మీద స్టీలు బొడిపెలు పెడతారు. నాకు ఫరవాలేదు, కాలికి తగులుతాయి. ఆయనకు మాత్రం అవి ఉన్నా లేనట్టే.

స్టేషన్ మెట్లు దిగి రోడ్డు మీదికొస్తే కథ వేరు. ఒక ఫుట్‌పాత్ మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా చుక్కల టైల్సే వేశారు. అంటే అడుగడుగునా ఆగు, ఆగు, ఆగు. వేసినాయనకు రెండు రకాలుంటాయని ఎవరూ చెప్పలేదో, గోడౌన్‌లో ఉన్నవి అవేనో! ఇంకోచోట గీతలు చక్కగా చేయి పట్టుకుని తీసుకెళ్లినట్టే తీసుకెళ్లి నన్ను కరెంటు స్తంభానికి అప్పజెప్పాయి. కర్ర పక్కకు పోయింది, నుదురు పోలేదు. బొప్పి తగ్గడానికి నాలుగు రోజులు పట్టింది. మా అమ్మ మళ్లీ మొదలెట్టింది: "తమ్ముణ్ణి తోడు తీసుకుపోవచ్చు గదే." వాడికి మాత్రం పనులుండవా? నిజానికి దెబ్బ కన్నా ఆ మాటే ఎక్కువ నొప్పి.

మా వీధి మొదట్లో బజ్జీల బండి ఉంటుంది. సాయంత్రం మిరపకాయ బజ్జీల వాసన రాగానే నేను ఎడమకు తిరుగుతాను, అదే నా గుర్తు. ఆ బండి టైల్స్ మీదే ఉంటుందని తెలుసు. ఎప్పుడూ చుట్టూ తిరిగిపోయేదాన్ని. స్తంభం సంగతి జరిగిన వారం మాత్రం ఆగి అడిగాను.

"అన్నా, బండి ఈ టైల్స్ మీదెందుకు పెట్టినవ్?"

"ఏందక్కా, పసుపు గీత గీసిన్రు గద. బండ్లు గిక్కడ పెట్టాలనుకున్న."

నవ్వాగలేదు. అదేమిటో చెప్పాను. చెప్పు విప్పించి కళ్లు మూసుకుని గీతల మీద నాలుగడుగులు వేయించాను. "అరె, తెలుస్తున్నదక్కా" అన్నాడు.

మర్నాటికి బండి రెండు మూడడుగులు అవతలికి జరిపాడు. నాకొచ్చిన చిక్కేమిటంటే వాసన కూడా జరిగింది. ధ్యాసంతా దాని మీదే పెట్టుకుని మలుపు దాటిపోయాను. వెనక నుంచి "అక్కా, దాటిపోయినవ్" అని కేక. వెనక్కొచ్చి కర్రతో వెతికితే, ఇన్నాళ్లూ బండి చక్రాలున్న చోట, సరిగ్గా మా వీధి మలుపు దగ్గర, చుక్కల టైల్స్ ఉన్నాయి! మూడేళ్లుగా దాని పక్కనుంచే తిరుగుతున్నాను.

కాలు పెట్టి చూశాను. నూనె జిడ్డు గట్టిపడి, బొడిపెల మధ్య సందులన్నీ పూడుకుపోయాయి. తెలిసీ తెలియనట్టున్నాయి. పైగా జారుతోంది. ఆదివారం వేడినీళ్లు, సబ్బు పొడి పోసి రుద్దుతానన్నాడు. బ్రష్ నేను తెస్తానన్నాను.