పదికి ఎన్ని?

"సున్నా అంటే నొప్పే లేనట్టు. పది అంటే ఇంతకు మించి నొప్పి ఉండదన్నట్టు. ఇప్పుడు మీది ఎంతమ్మా?"

అడిగిన సిస్టర్‌ది పాలకొల్లు వైపు. నేను నల్లగొండ జిల్లాలో జడ్పీ హైస్కూల్ లెక్కల టీచర్ని. ఇరవై నాలుగేళ్ళుగా పిల్లలకు మార్కులు వేసిందే గానీ, నాకు నేను వేసుకున్నది లేదు. "ఎనిమిది" అన్నాను. అని, ఎందుకో సిగ్గేసి, "ఏడు రాసుకోండి" అన్నాను.

తను పెన్ను ఆపింది. "ఎనిమిదే రాస్తానమ్మా. మీరు తగ్గించి చెప్తే మందు కూడా తగ్గిపోద్ది."

అప్పటికి నాలుగు నెలలైంది ఆ నొప్పి మొదలై. నడుములో పుట్టింది. నిలబడి పాఠం చెప్పే ఉద్యోగం, యాభైకి దగ్గరపడ్డ వయసు, ఎవరిని అడిగినా ఒకటే మాట: అరుగుదల. ఎక్స్‌రే చూసిన డాక్టరు కూడా అదే అని బెల్టు పెట్టుకోమన్నాడు. పడుకుంటే ఎక్కువవుతోంది సార్ అని రెండుసార్లు చెప్పాను. ఆయన రాసుకోలేదు. ఆ ఆస్పత్రి పేరు ఇప్పుడెందుకులెండి. గజ్జల్లో గడ్డ చేతికి తగిలాక గానీ బయాప్సీ దాకా పోలేదు. లింఫోమా అని తేలింది, అంటే లింఫ్ గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్. పెట్ స్కాన్‌లో పొట్టలోని గ్రంథులతో పాటు నడుము దగ్గర రెండు వెన్నుపూసలు కూడా వెలిగాయి, అంటే జబ్బు అక్కడికీ పాకింది. నాలుగో స్టేజీ.

క్యాన్సర్ డాక్టరు మాత్రం మొదటి రోజే చెప్పాడు, ఇది నాలుగో స్టేజీలో కూడా నయమయ్యే అవకాశమున్న రకం, 21 రోజులకోసారి ఆరు కీమోలు ఇద్దామని. మేం ఊపిరి పీల్చుకునేలోపే, "రేపు పాలియేటివ్ టీమ్ వచ్చి చూస్తారు" అన్నాడు.

మా మరిది ఫోన్లో ఆ మాట వెతికాడు. చదివి, ఫోను జేబులో పెట్టుకుని, టీ తెస్తానని బయటికి పోయాడు. గంటైనా రాలేదు. నేనూ వెతికాను. ఉపశమన చికిత్స, అంతిమ దశ, మరణం ఈ మూడూ పక్కపక్కనే వచ్చాయి. మా ఆయన వరండాలో డాక్టరును పట్టుకుని, "నయమైతదంటిరి గద సార్, మల్ల గీ టీమెందుకు?" అని అడగడం నాకు లోపలికి వినబడింది. ఏం జవాబు చెప్పాడో వినబడలేదు.

మర్నాడు ఆ టీమ్ నుంచి వచ్చినావిడ చిన్న వయసు డాక్టరు. రోగి బాధ తగ్గించడమే వాళ్ళ పని. ఫైలు తెరవలేదు. కుర్చీ మంచం దగ్గరికి జరుపుకుని, "అన్నిటికంటే మిమ్మల్ని ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నదేంటి?" అని అడిగింది. క్యాన్సర్ అనాలేమో. నా నోట్లోంచి వచ్చింది నిద్ర. ఐదు వారాలుగా నేను పడుకోలేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూచుని, మంచం మీద దిండు పెట్టుకుని, దాని మీద నుదురు ఆనించి రాత్రిళ్ళు గడిపాను. పొద్దునకల్లా దిండు గలీబు కుట్టు నుదుటి మీద గీతలాగ పడేది. పిల్లలు అడిగితే బొట్టు చెరిగిందనేదాన్ని. ఇది అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు మరి.

ఆమె మార్ఫిన్ రాసింది. అప్పుడు మొదలైంది అసలు రభస.

"నల్లమందు గద మేడం అది? అలవాటు పడితే?" అన్నాడు మా ఆయన.

"నల్లమందులోంచి తీసేదే" అంది ఆమె, దాచకుండా. పది మిల్లీగ్రాముల బిళ్ళ, నాలుగు గంటలకోసారి. పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు. రాత్రి పదింటికి రెండు బిళ్ళలు, మధ్యరాత్రి లేవకుండా. నొప్పి వచ్చాక వేసుకోవడం కాదు, గడియారం చూసి వేసుకోవాలి. ఆ పద్ధతిని గట్టిగా నిలబెట్టినావిడ సిసిలీ సాండర్స్ అని, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్, అంటే చివరి దశ రోగులను చూసుకునే చోటు, పెట్టిందని తర్వాత చదివాను. నర్సుగా, సోషల్ వర్కరుగా పనిచేసి, ఆ తర్వాత డాక్టరు చదివిందట. నొప్పంటే ఒంట్లోది ఒక్కటే కాదు, మనసుదీ, సంసారానిదీ, దేవుడి మీది అలకదీ అన్నీ కలిసిందే అనేదట. మా డాక్టరు నా కూతురి ఫీజు గురించి, సగం జీతం సెలవు గురించి ఎందుకు అడిగిందో అప్పుడు అర్థమైంది.

మొదటి రెండ్రోజులు మత్తు, వికారం. మూడో రాత్రి మంచం మీద వెల్లకిలా పడుకున్నాను. పైన ఫ్యాను తిరుగుతోంది. దాని రెక్క మీద సాలెగూడు ఒకటి వేలాడుతోంది. దాన్ని చూస్తూ ఎంతసేపున్నానో తెలియదు. వెల్లకిలా పడుకుని పైకప్పు చూడడం కూడా ఒక భోగమే. పొద్దున సిస్టర్ అడిగితే "మూడు" అన్నాను. ఈసారి సిగ్గుపడలేదు.

మా ఆయన మాత్రం ఆ స్ట్రిప్పులను బీరువా లాకర్లో, నా నల్లపూసల పక్కన పెట్టి తాళం వేసేవాడు. నాలుగు గంటలకోసారి తాళం తీసి ఒక్క బిళ్ళ నా చేతిలో పెట్టేవాడు, బంగారం తూచి ఇచ్చినట్టు. ఆయన భయాన్ని నేనిప్పుడు తప్పుపట్టను. దేశమే అలా భయపడింది. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చాక లైసెన్సుల చిక్కులకు జడిసి చాలా ఆస్పత్రులు మార్ఫిన్ ఉంచడమే మానేశాయి. 2014లో సవరణ చేసి ఆ చిక్కులు తగ్గించారు. విచిత్రమేమంటే చట్టబద్ధంగా నల్లమందు పండించే కొద్ది దేశాల్లో మనదొకటి. మధ్యప్రదేశ్‌లో నీమచ్, ఉత్తరప్రదేశ్‌లో ఘాజీపూర్, రెండు చోట్లా సర్కారు ఫ్యాక్టరీలున్నాయి. సరుకు మనది. రాత్రంతా కుర్చీలో కూచున్నదీ మనమే.

కీమో గురించి ఎక్కువ రాయను, అందరూ రాసేదే. ఎర్రమందు ఎక్కిస్తే మూత్రం ఎర్రగా రావడం, రెండో కీమోకల్లా జుట్టు పోవడం, స్టెరాయిడ్ బిళ్ళలు వేసుకునే ఐదు రోజులూ అర్ధరాత్రి లేచి పచ్చిపులుసు అన్నం తినడం. ఒక్కటి మాత్రం చెప్పాలి. కీమోలోని విన్‌క్రిస్టిన్ మలబద్ధకం తెస్తుంది, మార్ఫినూ తెస్తుంది. రెండూ కలిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. విరేచనం మందు రోజూ రాత్రి తప్పకుండా వేసుకోమని పాలియేటివ్ వాళ్ళు మొదటి రోజే చెప్పారు. నేను రెండ్రోజులు మానేశాను. మూడో రోజు నా నొప్పి పదికి తొమ్మిది, అదీ నడుములో కాదు.

కీమో ఎక్కించే డే కేర్‌లో నా పక్క కుర్చీలో సూర్యాపేట వైపు ఆటో డ్రైవరు ఉండేవాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్. "టీచరమ్మా, లెక్కలు చెప్తవు గద, నా ఆటో కిస్తీలు ఇంకెన్నున్నయో చూడు" అని కాగితం ఇచ్చేవాడు. పదకొండున్నాయి. ఆయనకు ఆయాసం. ఆక్సిజన్ శాతం బాగానే ఉంది, అయినా గాలి అందనట్టు అల్లాడేవాడు. సిస్టర్ చిన్న బ్యాటరీ ఫ్యాను తెచ్చి ముక్కు, బుగ్గల మీదికి పట్టింది. కాసేపటికి భుజాలు దిగాయి. ఆయన భార్య నవ్వి, "గింతేనా, మా ఇంట్ల ఇసనకర్ర ఉండె గద" అంది. ఇదేం చిట్కా అనుకున్నాను. కేంబ్రిడ్జిలో దీని మీద పరీక్షే చేశారని తర్వాత తెలిసింది. 2010లో అచ్చయిన ఆ పరిశోధనలో 50 మంది. ఐదు నిమిషాలు మొహం మీదికి గాలి, ఐదు నిమిషాలు కాలి మీదికి గాలి. మొహం మీదికి పట్టినప్పుడు ఆయాసం తగ్గింది. మా అమ్మమ్మ వింటే, దీనికి యాభై మంది కావాలా అనేది.

పాలియేటివ్ వాళ్ళు ఆయన్నీ అడిగారు, ఏం కావాలని. ఇంటికి పోవాలన్నాడు, గొట్టాలొద్దన్నాడు. కృత్రిమంగా ప్రాణం నిలిపే చికిత్స వద్దని ముందే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చిలో ఒప్పుకుంది, 2023లో ఆ పద్ధతిని కొంత సులువు చేసింది. ఆయన అదేమీ రాయలేదు. భార్యకు చెప్పి ఊరుకున్నాడు. నా నాలుగో కీమోకి ఆ కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె ఫోన్ చేసి, "నిద్రల పోయిండు టీచరమ్మా, ఆయాసపడలే" అంది. కిస్తీల సంగతి అడగాలనిపించింది. అడగలేదు.

ఆ రాత్రే బోస్టన్ పరిశోధన చదివాను. 2010లో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వాళ్ళు ప్రచురించింది. ఆయనకున్నట్టే ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్ళు 151 మంది. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగానికి దాంతో పాటే మొదటి నుంచీ పాలియేటివ్ కేర్. రెండో జట్టులో దిగులు తక్కువ. చివరి రోజుల్లో దూకుడు వైద్యం చేయించుకున్నవాళ్ళు 33 శాతం, మొదటి జట్టులో 54 శాతం. అయినా రెండో జట్టువాళ్ళే ఎక్కువ కాలం బతికారు. మధ్యగతం 11.6 నెలలు, మొదటి జట్టుకు 8.9.

మధ్యగతం. పదో తరగతి సాంఖ్యక శాస్త్రంలో ఏటా చెప్తాను. రాశులను ఆరోహణ క్రమంలో రాయండి, మధ్యలోది తీయండి. ఆ వరుసలో ఆటో డ్రైవరు ఎక్కడ నిలబడతాడో వెతుక్కున్నాను. లెక్కల టీచరు బుద్ధి పోదుగా, లోపాలూ వెతికాను. ఒకే ఆస్పత్రి, ఒకే జబ్బు. తర్వాతి పరిశోధనలన్నిట్లో ఆయుష్షు పెరగడం కనబడలేదు కూడా. బాధ తగ్గి బతుకు కాస్త మెరుగవడం మాత్రం చాలావాటిలో కనబడింది. అదే ఆస్పత్రివాళ్ళు 2016లో రక్త క్యాన్సర్లకు మూలకణ మార్పిడి చేయించుకుంటున్న 160 మంది మీద చేసినది నాకు దగ్గరగా తోచింది. వాళ్ళంతా నయం చేసుకుందామని వచ్చినవాళ్ళే. వాళ్ళకీ ఇది పనికొచ్చింది. మా మరిదికి పంపాను. బొటనవేలు బొమ్మ పెట్టాడు.

మూడో కీమో నాటికే నొప్పి రెండుకు దిగింది. మార్ఫిన్ మెల్లగా తగ్గిస్తామన్నారు. నేను ఒకరోజు వీరత్వానికి పోయి పూర్తిగా ఆపేశాను. తెల్లారేసరికి ఒకటే ఆవలింతలు, ముక్కు కారడం, ఒళ్ళంతా గగుర్పాటు. మా ఆయన మొహంలో "నేను చెప్పలే?" అన్నట్టు. సిస్టర్‌కు ఫోన్ చేస్తే, "ఇది వ్యసనం కాదమ్మా, ఒళ్ళు అలవాటు పడింది, మెట్టుమెట్టుగా దిగాలి. మీ పిల్లలు స్టెప్పులు వదిలేస్తే మార్కులిస్తారా?" అంది. నాలుగు వారాల్లో దిగాను. తాగాలనీ వేసుకోవాలనీ ఏ కోరికా లేదు.

ఆరు కీమోల తర్వాత స్కాన్‌లో ఏదీ వెలగలేదు. బడికి పోతున్నాను. కాలివేళ్ళలో తిమ్మిరి మిగిలింది, అది విన్‌క్రిస్టిన్ గుర్తు. చలికాలంలో పదికి రెండు, ఒక్కోసారి మూడు.

మొన్న చెకప్‌కు పోయేముందు లాకర్ తెరిస్తే పద్నాలుగు బిళ్ళలు మిగిలాయి. తిరిగి ఇచ్చేయాలన్నారు. ఫార్మసీలో లెక్కపెట్టి రిజిస్టర్లో సంతకం పెట్టించుకున్నారు. మా ఆయన ఆ స్ట్రిప్పుల వంక ఒకసారి చూసి, సిస్టర్ దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అన్నాడు:

"సిస్టర్, ఈ నడుమ నాకు మోకాళ్ళు బాగా గుంజుతున్నయి. అండ్ల ఒక రెండు ఉంచుకోవచ్చా?"

"పదికి ఎంతండీ?" అంది తను.