48 అంకెల తాళంచెవి

తెలుగు మాస్టారుగా పదవీ విరమణ చేశాక మా బావగారు ఖమ్మం చుట్టుపక్కల పల్లెలు తిరిగి నాట్ల పాటలు, దంపుళ్ల పాటలు, ఊయల పాటలు రికార్డు చేశారు. పాడిన ముసలమ్మలలో చాలామంది ఇప్పుడు లేరు. ఆ రికార్డులన్నీ ఒకే ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. అది మొరాయిస్తే సర్వీసు సెంటర్లో మదర్‌బోర్డు మార్పించారు. ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే పిన్ అడిగే తెర రానేలేదు. విండోస్‌లో డిస్కుకు తాళం వేసే ఏర్పాటు బిట్‌లాకర్. దాని రికవరీ అంటూ నీలి తెర వచ్చి, 48 అంకెల కీ ఇమ్మంది.

సర్వీసు సెంటర్‌కు ఫోను చేస్తే, "ఫార్మాట్ చేసేస్తే సరిపోతుంది సార్" అన్నారు. నాకు ఒళ్లు మండింది. లోపల ఏముందో ఒక్క మాటైనా అడగకుండా ఇచ్చే సలహా ఇది. ఫార్మాట్ చేస్తే కంప్యూటర్ పనిచేస్తుంది, పాటలు మాత్రం పోతాయి.

"ఏమయ్యా, ఇక ఆశ వదులుకోవలసిందేనా?" అన్నారు బావగారు.

"అక్కర్లేదు బావగారూ. పాటలు డిస్కులో భద్రంగా ఉన్నాయి. తాళంచెవి ఎక్కడుందో వెతకాలి, అంతే" అన్నాను.

ధైర్యం చెప్పడానికి అన్న మాట కాదది. ఇప్పటి విండోస్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదటిసారి లాగిన్ కాగానే డిస్కులోని సమాచారమంతా దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే తాళంచెవి లేనిదే చదవలేని రూపంలోకి మారుతుంది. రోజూ దాన్ని విప్పే రహస్యం టీపీఎం అనే భద్రతా చిప్‌లో ఉంటుంది. ఆ చిప్ ఉండేది మదర్‌బోర్డు మీదే. బోర్డు మారితే చిప్ మారినట్లే, కాబట్టి ఈ డిస్కును వేరే యంత్రంలో పెట్టారేమోనని విండోస్ అనుమానిస్తుంది. ల్యాప్‌టాప్ దొంగల పాలైతే మనల్ని కాపాడేది ఆ అనుమానమే. అందుకే దాని మీద నాకు కోపం లేదు.

ఇలాంటి సమయానికని రికవరీ కీ నకలు ఆ మొదటి ఖాతాలోకి వెళ్తుంది. కీ పోతే మైక్రోసాఫ్ట్ సహాయ విభాగం కూడా తిరిగి ఇవ్వలేదు. బావగారి మెయిలుతో మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి చూస్తే పరికరాల జాబితా ఖాళీగా ఉంది. కొన్న రోజు ఏం జరిగిందని అడిగాను. "అన్నీ దుకాణంలో అబ్బాయే చేసి ఇచ్చాడు. ఫోనుకు ఏదో నంబరు వస్తే చెప్పమన్నాడు, చెప్పాను" అన్నారు.

ఆ నంబరే మాకు దారి చూపింది. ఆయన పాత సందేశాలేవీ తీసేయరు. బిల్లు మీది తేదీ పట్టుకుని వెనక్కి వెళ్తే ఆనాటి మైక్రోసాఫ్ట్ భద్రతా కోడ్ కనిపించింది. అంటే దుకాణం కుర్రాడు ఈ ఫోను నంబరుతోనే ఇంకో ఖాతా తెరిచాడన్నమాట. లాగిన్ పేజీలో యూజర్‌నేమ్ మరిచిపోయిన వాళ్ల కోసం ఉన్న దారిలో ఫోను నంబరు ఇచ్చాను. వచ్చిన కోడ్ కొట్టగానే మేమెన్నడూ చూడని మెయిలు చిరునామా బయటపడింది. అదే ఫోనుకు వచ్చిన కోడ్‌తో పాస్‌వర్డ్ మార్చి లోపలికి వెళ్తే ల్యాప్‌టాప్ పేరు, కీ ఐడీ, పక్కనే 48 అంకెలూ ఉన్నాయి. నీలి తెర మీది కీ ఐడీలో మొదటి ఎనిమిది అక్షరాలు దీనితో సరిపోయాయి. అవి సరిపోకపోతే ఆ కీ ఇంకో డిస్కుదని అర్థం.

కొన్న మనిషికి చెప్పకుండా ఖాతా తెరిచి, ఆ వివరాలు కాగితం మీదైనా రాసి ఇవ్వకపోవడం తప్పు. కోడ్ వెళ్లింది దుకాణం ఫోనుకు అయి ఉంటే మా పని ఏమయ్యేదో తలుచుకుంటేనే భయమేస్తుంది.

కీలో ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులుంటాయి. ప్రతి గుంపూ 11తో నిశ్శేషంగా భాగించబడే సంఖ్యే. గుంపులో ఒక అంకె తప్పు రాసినా, పక్కపక్క అంకెలు తారుమారైనా ఆ లెక్క కుదరదు. కాగితం మీదికి ఎక్కించుకున్నాక ఒక్కో గుంపునూ అలా సరిచూశాం. తర్వాత బావగారు పద్యాన్ని గణాలుగా విడగొట్టినట్లు ఆరేసి అంకెలు చదువుతుంటే నేను కొట్టాను. నీలి తెర పోయి విండోస్ వచ్చింది.

అయినా లోపలికి పోనివ్వలేదు. పిన్ అందుబాటులో లేదన్న సందేశం వచ్చింది. పిన్ కూడా ఆ పాత చిప్‌తో ముడిపడిందే, కాబట్టి ఆయన రోజూ కొట్టే అంకెలు ఇక పనికిరావు. లాగిన్ తెర కింద మూలన ఉన్న గుర్తు నొక్కి వైఫై కలిపి, పిన్ బదులు పాస్‌వర్డ్‌తో వెళ్లే మార్గం ఎంచుకున్నాను. ఇంటర్నెట్ లేకుంటే ఇప్పుడే మార్చిన పాస్‌వర్డ్ సంగతి ల్యాప్‌టాప్‌కు తెలియదు. ఈసారి డెస్క్‌టాప్ తెరుచుకుంది. ముందుగా పాటల ఫోల్డరును బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేశాం. పిన్ సంగతి ఆ తర్వాతే చూశాం.

ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే అదే నీలి తెర. డిస్కు తాళం ఇంకా పాత చిప్ పేరు మీదే ఉంది. మళ్లీ కీ కొట్టి లోపలికి వెళ్లి, సెట్టింగులలో డివైస్ ఎన్‌క్రిప్షన్‌ను ఆపేశాను. డిస్కు పూర్తిగా విప్పుకునేదాకా ఛార్జరు తీయకుండా ఆగి, ఎన్‌క్రిప్షన్‌ను మళ్లీ ఆన్ చేశాను. అప్పుడు కొత్త చిప్‌తో ముడిపడింది, నీలి తెర మళ్లీ రాలేదు. దాంతోపాటు కీ కూడా కొత్తది వచ్చింది. ఖాతాలో చూసి ఆ అంకెలను, మెయిలు చిరునామాను, కీ ఐడీని బావగారు తన చేత్తో రాసి ఇంటి దస్తావేజుల సంచిలో పెట్టుకున్నారు. పాత కీ ఇక చెల్లదు కాబట్టి ఆ కాగితం చించేశాం.